ఆహారశాస్త్రవేత్త మెక్కారిసను

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతును పిలిచి, నీకు శత్రువెవరని అడిగినచో అతడు తడుముకొనక ఎలుకను చూపును. చేనిలో జొన్నకంకిని కొరుకునది అదియే. కళ్లములో ధాన్యపురాశిని తొలుచునది అదియే. ఇంటికి తెచ్చి గాదెలో పోసినను వెంటవచ్చి గోనెసంచిని చించునది అదియే. వినాయకచవితినాడు విగ్రహము పాదములకడ దానికిని ఒక కుడుము పెట్టుదుము గాని, మరునాడే బోను సవరింతుము. అట్టి ఎలుకజాతిలోనే మానవునకు మహోపకారము చేసిన శాఖ ఒకటి కలదు. ఒడలెల్ల తెల్లగా, కన్నులు ఎఱ్ఱగా నుండు ఆ యెలుక పొలములలో తిరుగదు. అది పంజరములో పుట్టి, పంజరములోనే పెరిగి, పంజరములోనే జీవితము ముగించును.

చేవెళ్ల నుండి మొయినాబాదు మీదుగా తూర్పునకు పోయినచో హైదరాబాదు నగరము వచ్చును. ఆ నగరమున తార్నాకయందు జాతీయ పోషకాహార సంస్థ యను పరిశోధనాలయము కలదు. మధుమేహము, స్థూలకాయము మున్నగు వ్యాధుల మర్మమును తెలిసికొనుటకు అచట తెల్లయెలుకలను పెంచి పరిశీలించుచున్నారు. ఆ సంస్థ మొదట హైదరాబాదులో పుట్టినది కాదు. నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న గదిలో ప్రారంభమైనది. దానికి మూలపురుషుడు ఐర్లండు దేశమున పుట్టి, జీవితములో ముప్పదినాలుగు సంవత్సరములు హిందూదేశ సేవలో గడపిన వైద్యుడు. ఆయన పేరు రాబర్ట్ మెక్కారిసను.

మెక్కారిసను 1878వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఉత్తర ఐర్లండులోని పోర్ట్‌డౌను పట్టణములో జన్మించెను. బెల్ఫాస్టు నగరమున వైద్యవిద్య నభ్యసించి 1900లో పట్టభద్రుడయ్యెను. ఆ కాలమున చురుకైన యువవైద్యులు పలువురు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశమునకు వచ్చుచుండిరి. మెక్కారిసను కూడ ఆ కొలువునకు ఎన్నికై, 1901లో ఓడ యెక్కెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడు సంవత్సరములు.

ఆయనను మొట్టమొదట పంపిన చోటు సుఖమైనది కాదు. హిందూకుష్ పర్వతములలోని చిత్రాల్ అను సరిహద్దు ప్రాంతము అది. అచటి సైనికులను వేసవిలో మూడుదినముల జ్వర మొకటి పీడించుచుండెను. జ్వరము తగ్గినను నీరసము చాల దినములు విడువదు. దానిని మలేరియా యని తోసిపుచ్చక మెక్కారిసను శ్రద్ధతో పరిశీలించెను. ఇసుకయీగ యను చిన్న కీటకము కనబడు ఋతువునకును జ్వరము వచ్చు ఋతువునకును సంబంధము గలదని ఆయన అనుమానించెను. ఆ యనుమానము నిజమని తరువాత తేలినది. ఏది కంటబడినను లెక్కవ్రాసికొనుట, లెక్కలో వింత కనబడినచో విడువక వెంబడించుట ఆయనకు స్వభావము. ఈ గుణమే తరువాత ఎలుకల పంజరములయొద్ద ఆయనకు అక్కరకు వచ్చినది.

చిత్రాల్ నుండి ఆయన గిల్గిట్టునకు వెళ్లి 1904 మొదలు 1911 వరకు అచటనే పనిచేసెను. గిల్గిట్టు లోయలో ఎక్కడ చూచినను గళగండము. కొందరి కంఠమున నిమ్మకాయంత వాపు, మరికొందరికి కొబ్బరికాయంత. ఆ లోయలో ఒక కాలువ వరుసగా కొన్ని గ్రామములగుండ పారుచుండెను. ఎగువ గ్రామమున గళగండము తక్కువ. దిగువకు పోయినకొలది ఎక్కువ. ఎగువవారు మలినముచేసిన నీటినే దిగువవారు త్రాగుచుండుటను చూచి, వ్యాధికి కారణము ఆ నీటిలోనే యున్నదని మెక్కారిసను తలచెను. తలచి యూరకుండలేదు. ఆ నీటిని వడబోసి, అడుగున మిగిలిన మడ్డిని తానును త్రాగి, ఒప్పుకొన్నవారికిని త్రాగించెను. వారిలో కొందరికి కొన్నిదినములలోనే కంఠము వాచెను. అదే మడ్డిని కాచి త్రాగినవారికి ఏమియు కాలేదు.

గళగండమునకు ముఖ్యకారణము ఆహారములోను నీటిలోను అయోడిను చాలకపోవుటయని నేడు మనకు తెలియును. కనుక మెక్కారిసను ఊహ పూర్తిగా సరియైనది కాదు. కాని పరీక్ష నడపిన తీరు గమనింపదగినది. కాచిన మడ్డి ఒక జట్టునకు, కాచని మడ్డి వేరొక జట్టునకు ఇచ్చి, రెండింటిని సరిపోల్చెను. సరిపోల్చుట కొక జట్టు లేనిదే ఏ పరీక్షయు పరీక్ష కాదు.

గిల్గిట్టునకు ఉత్తరమున హుంజా యను చిన్న రాజ్యముండెను. అచటివారు నిటారుగా, దృఢముగా నుందురు. కొండదారులలో అలసట యెరుగక నడతురు. తన వైద్యశాలకు వారు గాయములతోడనో, కంటిజబ్బులతోడనో వచ్చుటయే గాని, కడుపునొప్పులతో వచ్చుట మిక్కిలి అరుదని మెక్కారిసను గమనించెను. గోధుమలు, యవలు, ఆకుకూరలు, పాలు, ఎండబెట్టిన జల్దరుపండ్లు వారి ముఖ్యాహారము. మాంసము ఎప్పుడో గాని దొరకదు. వైద్యులందరును రోగి కేల రోగము వచ్చెనని ఆలోచింతురు. మెక్కారిసను మనస్సులో దానికి విరుద్ధమైన ప్రశ్న మొలచెను. ఆరోగ్యవంతుడు ఏల ఆరోగ్యముగా నున్నాడు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఆయన తక్కిన జీవితమంతయు వెచ్చించెననవచ్చును.

ఆ కాలమునకు ఆహారశాస్త్ర మింకను బాల్యదశలోనే యుండెను. తిన్న అన్నము రసముగా మారి రక్తమున చేరుట, అందులో కొంత శరీరమునకు వేడిని బలమును ఇచ్చుట, కొంత మాంసముగాను ఎముకగాను మారుట, మిగిలినది క్రొవ్వుగా నిలువయగుట, ఈ వ్యాపారమునంతను జీవక్రియ యందురు. దానికి పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు, లవణములు, నీరు ఉన్నచో చాలునని పలువురు నమ్ముచుండిరి. జావా ద్వీపమున ఐక్మాన్ అను డచ్చి వైద్యుడు తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడుటయు, తవుడు పెట్టినచో అవి తేరుకొనుటయు చూచెను. 1912లో ఇంగ్లండున హాప్కిన్స్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన ఆహారమును మాత్రమే పెట్టిన ఎలుకపిల్లలు ఎదుగకుండుటను, దానికి కొంచెము పాలు చేర్చినంతనే అవి ఎదుగుటను చూపెను. ఆహారములో కంటికి కనబడని పదార్థము లేవియో కొలదిగా నున్నవనియు, అవి లేనిదే తక్కినవన్నియు వ్యర్థములనియు తెలిసినది. వానికి విటమినులని పేరు వచ్చినది.

1913లో ప్రభుత్వము మెక్కారిసనును పూర్తిగా పరిశోధనకు నియోగించెను. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చి పని చెడినది. యుద్ధాంతమున, 1918లో, ఆయన కూనూరులోని పాస్టరు సంస్థకు చేరెను. తేయాకుతోటల నడుమ, చల్లని కొండమీద నున్న ఆ సంస్థలో ఆయనకు దొరకినది ఒక గది. ఆయన చేయవలసిన పని బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ. పావురములకు మరపట్టిన బియ్యమును మాత్రమే పెట్టి చూచెను. కొన్ని వారములలో వాని మెడలు వెనుకకు విరిగి, కాళ్లు పట్టుదప్పెను. మరణించిన పావురములను కోసి చూచినపుడు చెడినవి నరములు మాత్రమే కాదని తేలెను. ప్రేగులు పలుచబడెను, మూత్రపిండములమీద నుండు గ్రంథులు ఉబ్బెను. విటమినుల లోపము ఒక్క అవయవమును గాక శరీరమునంతను లోలోపల కృశింపజేయునని ఆయన గ్రహించెను. ఈ పరిశోధనలను 1921లో గ్రంథరూపమున ప్రకటించెను.

గ్రంథము వెలువడి రెండు సంవత్సరములైనను కాకమునుపే పెద్ద దెబ్బ తగిలినది. ప్రభుత్వపు వ్యయమును తగ్గించుటకై ఇంచ్‌కేప్ ప్రభువు అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి, అనావశ్యకములని తోచిన పనుల నన్నింటిని కత్తిరించెను. 1923లో కూనూరు విచారణకు ధనము నిలిచిపోయెను. దేశమున కోట్లకొలది జనులు అర్ధాకలితో నుండగా, ఆహారమును గూర్చిన పరిశోధన అనావశ్యకమని యెంచిన ఆ లెక్కను ఇప్పుడు తలచుకొన్నచో నవ్వు రాదు. మెక్కారిసను పట్టు విడువలేదు. రెండు సంవత్సరముల తరువాత, 1925లో, పని మరల ప్రారంభమైనది. ఈసారి ఆయన పావురములకన్న ఎలుకలను ఎక్కువగా నమ్ముకొనెను.

ఎలుకనే ఏల ఎన్నుకొనవలెను? దీనిని బాలబాలికలు తెలిసికొనుట అవసరము. ఎలుక మనుష్యుడు తినునదెల్ల తినును. రొట్టె, అన్నము, పప్పు, మాంసము, పాలు అన్నియు దానికి సమ్మతమే. గర్భము దాల్చిన ఇరువదిరెండు దినములకు ఈనును. ఒక్కొక్క ఈతకు ఎనిమిది, పది పిల్లలు పుట్టును. రెండు మూడు మాసములలోనే పిల్లలు పెద్దవగును. మూడేండ్లకు దాని ఆయువు తీరును. మనుష్యుని బాల్య యౌవన వార్ధకములను చూచుటకు ఒక వైద్యుని జీవితము చాలదు. ఎలుకయందు అవన్నియు మూడేండ్లలో చూడవచ్చును. పైగా ఒకే వంశమున పుట్టి, ఒకే యింటిలో పెరిగిన తెల్లయెలుకలు ఒకదానినొకటి చాలవరకు పోలియుండును. కనుక రెండు జట్లలో భేదము కనబడినచో, దానికి కారణము మనము పెట్టిన ఆహారమే యని చెప్పుటకు వీలగును.

కాని ఎలుక అన్ని విధముల మనుష్యుడు కాదు. విటమిను సి యనుదానిని ఎలుక తన కాలేయములో తానే తయారుచేసికొనును, మనుష్యుడు చేసికొనలేడు. అందుచే చిగుళ్లనుండి నెత్తురు కారు స్కర్వీ వ్యాధిని ఎలుకలలో పరీక్షించుట వ్యర్థము. అట్టి పరీక్షలకు మెక్కారిసను సీమపందికొక్కులను, కోతులను వాడెను. ఏ ప్రశ్నకు ఏ జంతువు సమాధానము చెప్పగలదో ఎరుగుట శాస్త్రజ్ఞునకు మొదటి పాఠము.

ఇక ఆయన పేరును లోకమునకు తెలిపిన పరీక్షను చెప్పెదను. మన దేశమున ఒక్కొక్క ప్రాంతమువారి తిండి ఒక్కొక్క తీరు. దేహదారుఢ్యము కూడ అట్లే. ఆ భేదము జాతివలన వచ్చినదని, కొన్ని జాతులు పుట్టుకతోడనే వీరజాతులనియు కొన్ని కావనియు పాలకులు నమ్మి, సైన్యములో చేర్చుకొనుటకు దానినే ప్రమాణముగా పెట్టుకొనియుండిరి. మెక్కారిసను ఈ సంగతిని వాదముతో తేల్చబూనలేదు, పళ్లెముతో తేల్చబూనెను. వయస్సునందును బరువునందును సమానములైన ఎలుకపిల్లలను ఏరి, ఇరువదేసి చొప్పున ఏడు జట్లు చేసెను. పంజరములు ఒకే కొలత. గాలి, వెలుతురు, శుభ్రత ఒకే తీరు. ఆహారము మాత్రమే వేరు. మొదటి జట్టునకు సిక్కుల ఆహారము, రెండవదానికి పఠానులది, తరువాత మరాఠీలది, గూర్ఖాలది, కన్నడిగులది, వంగీయులది, కడపట మద్రాసువారిది. ఆయా ప్రాంతములవారు వండుకొను విధముననే వండి పెట్టెను.

140 దినముల తరువాత ఎలుకలను తూచి జట్టుజట్టునకు సగటు బరువు కట్టెను. సిక్కుల ఆహారము తిన్న ఎలుక 235 గ్రాములు తూగెను. పఠానులది 230, మరాఠీలది 225, గూర్ఖాలది 200, కన్నడిగులది 185, వంగీయులది 180. మద్రాసు ఆహారము తిన్న ఎలుక 155 గ్రాములే తూగెను. బరువొక్కటియే కాదు. మొదటి జట్టు ఎలుకల బొచ్చు నున్నగా మెరయుచుండెను. కడపటి జట్టు ఎలుకల బొచ్చు గరుకుగా రేగియుండెను. కడపటి జట్లలో ఊపిరితిత్తులకును కడుపునకును వ్యాధులు మెండుగా వచ్చెను.

నాటి మద్రాసు రాజధానిలో మన కోస్తాజిల్లాలును రాయలసీమయు చేరియుండెనని మరువరాదు. కనుక ఏడవ పంజరములోని పళ్లెము చాలవరకు మన పళ్లెమే. అందులో ఏమున్నది? మరపట్టి, పలుమార్లు కడిగిన తెల్లబియ్యము, కొంచెము పప్పు, కొంచెము కూర, నూనె, కారము, చింతపండు, నామమాత్రముగా నెయ్యి, మజ్జిగ, చక్కెరవేసిన కాఫీ. మరపట్టినపుడు తవుడు పోయినది; కడిగినపుడు నీటిలో కరగు విటమినులు పోయినవి; గంజి వార్చినపుడు మిగిలినవియు పోయినవి. కుండలో మిగిలినది ఆకలి తీర్చునది మాత్రమే. సిక్కుల పళ్లెములో పొట్టుతీయని గోధుమపిండి రొట్టె, దానిమీద వెన్న, కడుపునిండ పాలు, మొలకెత్తిన సెనగలు, పచ్చి క్యారెట్టు, క్యాబేజీ, వారమున కొకమారు ఎముకతోకూడిన కొంచెము మాంసము ఉండెను.

దీనిని చదివి మనవారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ఏడవ పంజరములోని ఎలుక మొదటి పంజరములోని ఎలుకకు చుట్టమే. రెండింటి వంశము ఒక్కటి. ఆ పిల్లను ఈ పంజరములోను, ఈ పిల్లను ఆ పంజరములోను పెట్టియున్నచో బరువులు తారుమారై యుండెడివి. వీరత్వము జాతియందున్నదను మాటను ఆ 155 గ్రాముల ఎలుక నిశ్శబ్దముగా త్రోసివేసినది. నాకు తోచినంతవరకు మెక్కారిసను చేసిన మేలులలో ఇది గొప్పది. బియ్యమే చెడ్డదని కూడ ఆయన తీర్పు కాదు. దంపుడు బియ్యమునకు పాలు, ఆకుకూరలు, పప్పు చాలినంత తోడైనచో పళ్లెము చక్కబడును. పేదవానికి ఆ తోడు దొరకకుండుటయే అసలు వ్యాధి.

తరువాత ఆయన మరియొక ఏర్పాటు చేసెను. వేయికిపైగా ఎలుకలను శుభ్రమైన గదులలో, ఎండ తగులునట్లుంచి, సిక్కుల ఆహారమును పోలిన ఆహారముతో పెంచెను. రెండుంబావు సంవత్సరములు, అనగా మనుష్యుని లెక్కలో ఏబదియైదేండ్ల వయస్సు వరకు, వానిని గమనించెను. ఆ కాలమున వానిలో రోగము కనబడలేదు. ఈనుటలో తల్లులు చావలేదు. ప్రమాదవశమున పోయినవి తప్ప పిల్లలు చావలేదు. ఇదే సమయమున చాలని ఆహారములు పెట్టిన ఎలుకలు రెండువేలకు పైగా పరీక్షింపబడెను. వానిలో శరీరమున ఏ భాగమున చూచినను ఏదో యొక వ్యాధి కనబడెను. మూత్రకోశమున రాళ్లు, చెవిలో చీము, కడుపులో పుండ్లు, కంటిజబ్బులు, ఇట్లెన్నియో.

తన దేశమువారి పళ్లెమును కూడ ఆయన విడిచిపెట్టలేదు. ఇంగ్లండున పేదజనులు తిను తెల్లరొట్టె, మార్గరీను, చక్కెర కలిపిన టీ, ఉడికిన కూరలు, డబ్బా మాంసము, జాము ఒక జట్టు ఎలుకలకు పెట్టెను. అవి సరిగా ఎదుగకపోవుటయే గాక చిరచిరలాడుచు, సంరక్షకులను కరువసాగెను. అరువదియవ దినమునకు తమలో బలహీనములైనవానిని చంపి తినుటకు మొదలిడెను. పాలకులజాతి యొక్క పేదవాని తిండియు ఎలుకముందు ఓడిపోయినది.

ఈ పరీక్షలలో వేలకొలది మూగజీవములు ప్రాణములు విడిచినవన్నది నిజము. ఆహారలోపముచేత చావనివి కూడ, లోపలి అవయవములను చూచుటకై చంపబడినవి. ఇది తగునా యని అడుగుట విద్యార్థులకు చెల్లును, నేను అడుగవలదనను. ఆ యెలుకలకు పెట్టిన చెడ్డ ఆహారము వానికొరకు క్రొత్తగా కల్పించినది కాదు. లక్షలకొలది బిడ్డలు ఆ నాడు ఇండ్లలో తినుచుండినదే. అయినను హింస హింసయే. మన దేశమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దాని ననుసరించి నేడు ప్రయోగశాలలలో జంతువులను వాడుటకు అనుమతి పొందవలెను. వేరుమార్గమున్నచో వానిని వాడరాదు. వాడినను బాధ వీలైనంత తగ్గించవలెను.

కూనూరు గది క్రమముగా పెద్దదై 1928, 1929 ప్రాంతమున పోషకాహార పరిశోధనాలయమను పేరు పొందెను. మెక్కారిసను దానికి మొదటి అధిపతి. 1928లోనే ఆయన పాఠశాల విద్యార్థులకు అర్థమగునట్లు ఆహారమును గూర్చి ఒక చిన్న వాచకము వ్రాసెను. పెద్ద శాస్త్రజ్ఞులు సాధారణముగా తమవంటి శాస్త్రజ్ఞులకొరకే వ్రాయుదురు. ఆయన మాత్రము పళ్లెమును మార్చగలవారు ఇంటిలోనివారనియు, ఇంటికి వార్త మోయువారు బడిపిల్లలనియు ఎరిగిన మనిషి. 1933లో ఆంగ్లప్రభుత్వము ఆయనకు సర్ బిరుద మిచ్చెను. 1935లో ఆయన ఉద్యోగము విరమించి ఇంగ్లండునకు మరలెను. కూనూరు బాధ్యతను ఎయిక్రాయిడ్ అను వైద్యుడు వహించెను. మరుసటి సంవత్సరము మెక్కారిసను లండనులో మూడు ప్రసిద్ధోపన్యాసము లొసగి, ఎలుకలు నేర్పిన సంగతులను తన దేశీయులకు వివరించెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆక్స్‌ఫర్డులో వైద్యుల ఉన్నతవిద్యకు పదేండ్లు అధ్యక్షత వహించి, 1960వ సంవత్సరము మే 18వ తేదీన అచటనే కన్నుమూసెను.

ఆయన మరణించుటకు రెండేండ్లు ముందే, 1958లో, కూనూరు పరిశోధనాలయము హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ యని పేరు పెట్టిరి. కొండమీది తేయాకుతోటలనుండి దక్కను పీఠభూమిమీది జొన్నచేల నడుమకు వచ్చిన ఆ సంస్థకు పని వెంటనే దొరకినది. జొన్నరొట్టెయే ప్రధానముగా తిను పేదలలో, ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొలుసుకట్టు పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండెను. జొన్నలో లూసిను అను పదార్థము మితిమీరి యుండుటకును ఈ వ్యాధికిని సంబంధము గలదని గోపాలన్, శ్రీకాంతయ్య అను వైద్యులు 1960లో ప్రతిపాదించిరి. జొన్న బలమైన ఆహారమే. కాని ఏ ధాన్యమైనను ఒంటరిగా మనుష్యుని మోయలేదు.

నేడు కాలము మారినది. మెక్కారిసను కాలమున మన ముఖ్యశత్రువు చాలని తిండి. ఆ శత్రువు ఇంకను పూర్తిగా పోలేదు గాని, దాని పక్కన మరియొకటి వచ్చి కూర్చున్నది. అది మితిమీరిన తిండియు, కదలని దేహమును కలసి తెచ్చు మధుమేహము. క్లోమగ్రంథినుండి వచ్చు ఇన్సులిను అను రసము రక్తములోని చక్కెరను కణములలోనికి పంపును. అది చాలకున్నను, ఉన్నను పనిచేయకున్నను చక్కెర రక్తములోనే నిలిచి కన్నులను, మూత్రపిండములను, నరములను పాడుచేయును. కెనడా దేశమున 1921లో బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును కనుగొన్నది కుక్కల సాయముతో. తరువాత ఈ వ్యాధి పరిశోధనలో ఎక్కువభాగము ఎలుకల మీదను చుంచుల మీదను పడినది. క్లోమకణములను చంపు మందునిచ్చి ఎలుకకు మధుమేహము తెప్పింతురు; లేదా క్రొవ్వు, చక్కెర మెండుగా పెట్టి తెప్పింతురు. కాని మందుచేత వచ్చిన వ్యాధి, మనుష్యునికి మెల్లమెల్లగా వచ్చు వ్యాధిని అన్నివిధముల పోలదు. ఎవరును ఏమియు చేయకయే తనంతట లావెక్కు ఎలుక దొరకినచో ఎంతయో మేలు.

అట్టి ఎలుక 1996లో హైదరాబాదులో దొరకినది. కూనూరు కాలమునుండి తరతరములుగా బయటి సంపర్కము లేక పెంచబడుచు వచ్చిన ఆ తెల్లయెలుకల వంశములో ఒక పిల్ల మిగిలినవానికన్న విపరీతముగా లావెక్కుటను అచటివారు చూచిరి. పెంపకపు లోపమని తీసివేయక, దానిని వేరుచేసి, దాని తోబుట్టువులను జతపరచి, ఆ గుణము పిల్లలకు వచ్చుచున్నదని నిశ్చయించిరి. లెక్కలో వింత కనబడినచో విడువక వెంబడించు కూనూరు అలవాటు అచట నిలిచియే యున్నది. ఆ వంశములో రెండు శాఖలు ఏర్పడినవి. రెండింటి ఎలుకలును విపరీతముగా తినును, కదలుట తక్కువ, అర కిలోగ్రామునకు మించి తూగును. వాని రక్తములో ఇన్సులిను మెండుగా నుండును గాని శరీరము దాని మాట వినదు. మొదటి శాఖలో చక్కెర మామూలుగానే యుండును. రెండవ శాఖలో పరగడుపున బాగుగానే యుండి, చక్కెరనీరు త్రాగించినపుడు మాత్రము పైకెక్కి త్వరగా దిగదు. మనుష్యులలో మధుమేహమునకు ముందుమెట్టు సరిగా ఇట్లే యుండును. ఈ ఎలుకలకు కంటిలో శుక్లములు త్వరగా వచ్చును; ఆయువు మామూలు ఎలుకలలో సగమే.

స్థూలకాయముగల ఎలుకలకు సంతానము కలుగదు. మరి వంశము నిలుచుటెట్లు? లావెక్కని తోబుట్టువులలో కొన్ని ఆ గుణమును లోపల దాచుకొని యుండును. అట్టి రెండింటిని జతపరచినచో నాలుగు పిల్లలలో ఇంచుమించు ఒకటి లావెక్కును. రెండు గుణమును మోయును. ఒకటి ఏ దోషమును లేక పుట్టును. ఏ పిల్ల ఏదియో పుట్టిననాడు తెలియదు. అయిదారు వారములు గడచినపిదప సంరక్షకుడు పంజరము తెరచి, ఒక్కొక్క పిల్లను చేతిలోనికి తీసికొని, తక్కెడలో పెట్టి, పుస్తకమున బరువు వ్రాసికొనును.